కాంటా సారు పాటలోంచి కోసేసిన గొంతు

పాట కట్టిన మనిషిని మట్టిలో పెట్టి వచ్చి పదకొండు రోజులైంది. పన్నెండో రోజు పొద్దున ఆ పాట మా కంపెనీ వీడియోగా అందరి ఫోన్లలోకి వచ్చింది. రచన, సంగీతం, దర్శకత్వం అని మూడు మాటలు పడ్డాయి. మూడింటి పక్కనా మా పర్సనెల్ మేనేజరు గారి పేరే. కాంటా సారు పేరు ఎక్కడా లేదు. చివర కృతజ్ఞతలు అని వేశారు కదా, అందులో కూడా లేదు. అక్కడ క్యాంటీన్ కాంట్రాక్టరు పేరుంది.

ఇది దొంగతనం. దీనికి ఇంకో మాట నాకు తెలియదు, తెలిసినా వాడను.

సారు పోయిన కబురు నాకు గేటు దగ్గరే అందింది. రెండు గంటల షిఫ్టుకు వేలిముద్ర మెషిన్ ముందు లైన్లో ఉన్నాను. సారు కూతురు ఫోన్ చేసింది. "అన్నా, నాయిన లేడన్నా. చాయ తాగి కుర్సీల కూసున్నడు. గట్లనే వొరిగిండు." క్యాబిన్ వైపు చూశాను. సారు సీట్లో ఇంకెవరో కూర్చుని ఉన్నారు. వెనక ఉన్నతను "జల్దీ కర్ భాయ్" అని తోశాడు. వేలు పెట్టాను. మెషిన్ థాంక్యూ అంది.

కాంటా సారు అంటే కాజీపల్లిలో మా మందుల కంపెనీ గేటు పక్కన, లారీల బరువు తూచే క్యాబిన్లో కూర్చునే మనిషి. సరుకు లారీ ఇనుప పలక మీదికి ఎక్కాలి, కదలకుండా ఆగాలి, అప్పుడు సారు స్లిప్పు కొట్టి చేతికిస్తాడు. బతుకంతా అదే పని, అదీ బి షిఫ్టులోనే, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. సారు భార్య ప్యాకింగులో చేసేది. ఆమెది ఎ షిఫ్టు, పొద్దున ఆరు నుంచి రెండు దాకా. ఆమె బయటికొచ్చే వేళకు ఈయన లోపలికి పోవాలి. ఈయన చిట్కుల్‌లో ఇల్లు చేరేసరికి ఆమె నిద్ర. ఆమె లేచి పోయేసరికి ఈయన నిద్ర. ఆమె పని మానేసేదాకా, ఆదివారాలు తీసేస్తే, ఆ ఇద్దరూ మొగుడూ పెళ్ళాల్లా మాట్లాడుకున్నది ఆ గేటు దగ్గర పది నిమిషాలే.

ఆ పది నిమిషాలనే సారు పాటల నాటకం కట్టాడు. పేరు 'గేటు కాడ'. అందులో మాట అనేది లేదు, మొత్తం పాటే. ఆమె అడుగుతుంది, అతను చెప్తాడు. తిన్నవా, తిన్న. పిల్లకు జరం తగ్గిందా, తగ్గింది. గొడుగు తెచ్చుకున్నవా, మర్సిపోయిన. ఇంతే కథ. వినకముందు నేను కూడా నవ్వాను.

ఇట్లా కట్టాలన్న బుద్ధి సారుకు ఎక్కడ పుట్టిందో చెప్పాలి. నేను చేరకముందు సంగతి ఇది. మందు గోలీలు అట్టల్లో ప్యాక్ చేసే మెషిన్ ఒకటి ఇటలీ నుంచి వచ్చింది. బిగించడానికి అక్కడి ఫిట్టరు కూడా వచ్చాడు. క్రేన్ దొరక్క మెషిన్ పెట్టెలు వారం పాటు కాంటా పక్కనే ట్రెయిలర్ మీద నిలబడిపోయాయి. పని లేని ఫిట్టరు క్యాబిన్ నీడలో కూర్చుని గొంతెత్తి పాడుకునేవాడు. సారు సంగారెడ్డి దిక్కు ఒక పల్లెలో చర్చి పాటల మధ్య పెరిగిన మనిషి, చెవి ఊరుకోదు. రెండో రోజు ఆ పాటకు కింది స్వరం తగిలించాడు. ఫిట్టరు చేతిలో చాయ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడట. పోయేటప్పుడు ఒక క్యాసెట్టు ఇచ్చి పోయాడు. దుబాసీ ద్వారా ఒక మనిషి కథ కూడా చెప్పిపోయాడు.

ఆ మనిషి ఫిట్టరు ఊరివాడే, ఎప్పుడో పాత కాలంలో పాటల నాటకాలు కట్టినవాడు. ఆయన పేరు నాకు తెలుసు. అయినా రాయను. ఈ కాగితం మీద మా సారు పేరు కన్నా ముందు ఎవరి పేరూ పడకూడదు. సారు ఆయన్ని ఇటలీ పెద్దాయన అనేవాడు. సొంత పెదనాయన సంగతి చెప్పినట్టు చెప్పేవాడు. లారీకీ లారీకీ మధ్య కొంచెం కొంచెం.

పెద్దాయన చర్చిలో గంటలు కొట్టేవాడి కొడుకు. పట్నంలో సంగీతం బడికి పోతే ఊరి గొంతు పనికిరాదని తిప్పి పంపారు. మొదటి నాటకానికి జనం ఈలలు కొట్టి తెర దించేశారు. అక్కడ ఈల అంటే తిట్టు. ఏడాది పాటు పాట ముట్టకుండా తండ్రి గంటలే కొట్టాడు. తర్వాత ఒకనాడు రొట్టెల బట్టీ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు కొట్లాడుకుంటుంటే విని, ఆ కొట్లాటనే పాటగా కట్టాడు. అక్కణ్ణుంచి ఆగలేదు. ఊరూరా ఆడాయి. ముసలితనంలో ఒక థియేటరు ఓనరు ఆయన నాటకంలో చివరి అంకం కోసేసి, తన అల్లుడి పేరు పెట్టి ఆడించాడు.

"మరి ఏం జేసిండు సార్?" అని అడిగాను.

"ఏం జేస్తడు రా? నవ్విండు. ఇంటికి పోయి ఇంకోటి కట్టిండు."

అప్పుడు నమ్మాను.

నేను చదివింది టెన్తు వరకే. చదవడం నిజంగా అలవాటైంది ఫోన్లో, బస్సులో. క్యాసెట్టు మీద ఫిట్టరు రాసిన అక్షరాలు పట్టుకుని ఆ పెద్దాయన గురించి వెతికాను. అనువాదం మెషిన్‌ది, సగం తిక్కతిక్కగా ఉంది. కానీ ఒకటి మాత్రం స్పష్టంగా ఉంది. పెద్దాయన నవ్వలేదు, ఇంటికీ పోలేదు. పాడేవాళ్ళ ఇళ్ళకు పోయాడు, వాయించేవాళ్ళ ఇళ్ళకు పోయాడు. ఆట రోజు తెర లేచింది, ఒక్కడు కూడా నోరు తెరవలేదు. ఓనరు జనం ముందుకొచ్చి అసలు పేరు చెప్పాకే పాట మొదలైంది.

మర్నాడు క్యాబిన్ కిటికీలో తలపెట్టి అడిగాను. "సార్, నాకు అబద్ధం జెప్పిండ్రు."

సారు నవ్వి స్లిప్పుల కట్ట సర్దాడు. "నీ కోపం సూసి జెర తగ్గిచ్చి చెప్పిన రా. ఉన్నదున్నట్టు చెప్తే నువ్వు రేపే ఎవని గల్లనో పట్టుకుంటవ్."

సారు పాట నేర్పే తీరు ఇంకెక్కడా ఉండదు. రిహార్సల్ అనేదే లేదు. ఎట్లా ఉంటుంది? ఎ షిఫ్టు పోతుంటే బి షిఫ్టు వస్తుంది, ఇద్దరూ కలిసే చోటు గేటు ఒక్కటే. అందుకే ఆడమనిషి అడిగేదంతా ఎ షిఫ్టు వాళ్ళకు నేర్పాడు, వాళ్ళు ఇంటికి పోతూ గేటు దాటేటప్పుడు. మగమనిషి చెప్పే జవాబులన్నీ మాకు నేర్పాడు, మేము లోపలికి పోయే ముందు. మా వాటా స్వరాలు స్లిప్పుల వెనక రాసి ఇచ్చేవాడు. మెషిన్ తప్పు కొట్టిన స్లిప్పులు పారేయకుండా దాచేవాడు, ముందు వైపు లారీ నంబరు, తేదీ, వెనక సరిగమలు. ఎ షిఫ్టు ఏం పాడుతుందో మాకు తెలియదు, మేమేం పాడతామో వాళ్ళకు తెలియదు.

"గిట్ల ఎట్ల సార్? అవతలోళ్ళు పాడేది ఇనకుంట మేమెట్ల పాడాలె?" అన్నాను.

"లారీ పలక మీదికి ఎక్కంగనే బరువు తెలుస్తదా? ఆగాలె. నువ్వు కూడ ఆగు. వాళ్ళడిగేది నీ చెవుల పడంగనే నీ జవాబు అదే వస్తది."

ఎ షిఫ్టు అక్కలకు కూడా అదే చెప్పాడట. అడిగినంక ఆగండి, అవతలోడు వస్తడు అని.

పోయిన సాలు కంపెనీ మరమ్మతుకని బంద్ పెట్టిన ఆదివారం, చిట్కుల్‌లో మా కాలనీ ఖాళీ ప్లాటులో షామియానా వేసి ఆడాం. రెండు షిఫ్టులూ ఒక్క చోట నిలబడింది ఆ ఒక్క రోజే. ముందు జనం నవ్వారు. తిన్నవా అని ఆ అక్కలు రాగం తీస్తే, "ఏ, గిది పాటనా?" అని ఒకాయన అరిచాడు. మేము ఆగాం. సారు చెప్పినట్టే, జవాబు దానంతట అదే వచ్చింది. తిన్న అన్న ఒక్క మాట అందరం కలిసి కింది స్వరంలో అందుకోగానే నవ్వు ఆగిపోయింది. ముందు వరసలో ప్యాకింగు చేసే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయిపోగానే ఈలలు. ఆగని ఈలలు.

సారు కనబడలేదు. చూస్తే షామియానా వెనక సౌండు బాక్సు మీద తల వంచుకుని కూర్చున్నాడు. అమ్మ, అంటే సారు భార్య, వెతుక్కుంటూ వచ్చింది.

"ఏంది గట్ల కూసున్నవ్?"

"నచ్చలే గద. ఈలలు కొడ్తున్నరు."

"నీ ఇటలీ పాడుగాను! ఇది చిట్కుల్. నచ్చితేనే కొడ్తరు. లే, ముఖం కడుక్కో."

ఆ రోజు ముందు వరస సోఫాలో మేనేజరు గారు కూడా ఉన్నారు. గేటు దగ్గర పాడితే సేఫ్టీకి అడ్డమని సారుకు రెండుసార్లు నోటీసు ఇచ్చింది ఆయనే. ఆ రోజు మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇప్పుడు అర్థమవుతోంది, ఆయన చూసింది పాటను కాదు, పాటకు కాపలా లేకపోవడాన్ని.

తర్వాత సారుకు ఒంట్లో బాగాలేక కొన్నాళ్ళు రాలేదు. ఆ రోజుల్లోనే ఒకనాడు లంచ్ వేళ, ఎ షిఫ్టు అక్కల్ని ట్రైనింగు హాల్లోకి పిలిచారు. "మీ సారుకు చెప్పాం, ఆయన సరే అన్నారు" అని పాడించుకుని రికార్డు చేశారు. నిజానికి సారును ఎవరూ అడగలేదు. మేము అప్పటికి ఇంటి దగ్గరే ఉన్నాం, మా షిఫ్టు మొదలే కాలేదు. అంటే ఆ హాల్లో ఆడమనిషి ఉంది, మగమనిషి లేడు. అక్కలు నేర్చుకున్నది నేర్చుకున్నట్టే పాడారు. అడిగారు, ఆగారు. ఎవరూ రాలేదు. మళ్ళీ అడిగారు. ఆ ఖాళీలు ఎందుకున్నాయో మేనేజరు గారికి తెలియదు. అదేదో గొప్ప స్టైల్ అనుకున్నారు. కీబోర్డు మీద ఫ్లూటు మోత పోసి నింపారు, వాన చప్పుడు కలిపారు.

వీడియో కింద ఎవరో రాశారు, భర్త పోయిన స్త్రీ బాధను గొప్పగా చూపించారు సార్ అని. దానికి మేనేజరు గారు ధన్యవాదాలు అని జవాబిచ్చారు. ఇక సాక్ష్యం ఎందుకు? తను కట్టిన కథలో మొగుడు బతికున్నాడో చచ్చాడో తెలియని రచయిత ఎక్కడైనా ఉంటాడా?

ఆ వీడియో అమ్మకు చూపించకూడదనుకున్నాను. ఆమె అడిగింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింది. తిన్నవా అన్న చోట ఫ్లూటు మోగింది. వెనక్కి జరపమంది. మళ్ళీ వింది.

"జవాబేది బిడ్డా?"

"తీసేసిండ్రమ్మా."

ఫోను నా చేతిలో పెట్టింది. "పేరు లేకుంటే లేకపాయె. పేర్ల మీద ఆయనకు సోయి లేకుండె. గని నేను అడిగినంక జవాబు చెప్పకుంట ఆయన ఎన్నడన్న లోపలికి పోయిండా?"

మర్నాడు మేనేజరు గారి దగ్గరికి పోయాను.

"సార్, ఆ పాట కాంటా సారుది."

"కూర్చో బాబూ. ఎవరిది అన్నది కాదు, కంపెనీకి పేరొస్తోందా లేదా చూడాలి."

"అయితే కంపెనీ పేరే పెట్టాల్సుండె. మీ పేరెందుకు పెట్టిండ్రు?"

ఆయన పెన్ను కింద పెట్టారు. "నేను చేసిన కాంట్రిబ్యూషన్ తక్కువనుకుంటున్నావా? ఆ ఫ్లూట్ ఐడియా ఎవరిది?"

"మీదే సార్. ఇంటుంటెనే తెలుస్తుంది."

"అతనే కట్టాడనడానికి రాతపూర్వకంగా ఏమన్నా ఉందా? ఒక్క కాగితం?"

"సూస్త సార్" అని వచ్చేశాను.

చూశాను. మేనేజరు గారూ, ఇది అచ్చయ్యే పత్రిక మీ టేబుల్ మీదికి వస్తుందని నాకు తెలుసు, కాబట్టి ఇకపై మీకే చెప్తున్నా. ఒక్క కాగితం అడిగారు. బి షిఫ్టులో పాడిన ప్రతివాడి ఇంట్లో కాగితాలున్నాయి. బీరువాలో ఉన్నాయి, బైబిల్లో ఉన్నాయి, ఒకడి టిఫిన్ సంచిలో ఉన్నాయి. వెనక సారు చేతిరాత. ముందు తేదీ, టైము, మీ కంపెనీ కాంటా మెషిన్ కొట్టింది. మీరు మొదటిసారి ఆ పాట వినకముందు తేదీలు. అన్నిటికీ ఫొటోలు తీసి పెట్టాం.

మీరు నన్ను ఏం చేయగలరో నాకు తెలుసు. నేను కాంట్రాక్టు మనిషిని, నా గేటు పాసు మీ చేతిలో ఉంది. ఆపేయండి. స్లిప్పులు మీ చేతిలో లేవు.

సారు ఉంటే ఊకో రా అనేవాడు. నా కోసం ఇటలీ పెద్దాయన కోపాన్నే తగ్గించి చెప్పిన మనిషి, మీ మీద కోపాన్ని కూడా తగ్గించేవాడు. ఇంటికి పోయి ఇంకో పాట కట్టేవాడు. ఇప్పుడు ఇంకో పాట కట్టేవాడు లేడు, ఉన్నది ఈ ఒక్కటే. అందుకే నేను తగ్గను.

వచ్చే శనివారం లోపు ఆ వీడియో తీసేయాలి. అక్కల్ని అబద్ధం చెప్పి పాడించినందుకు వాళ్ళ ముందు నిలబడి తప్పైందని చెప్పాలి. రెండు షిఫ్టుల్నీ కలిపి, పని ఆపి, పాటను పూర్తిగా రికార్డు చేయాలి, జవాబులతో సహా. దాని మీద మీ పేరు ఉండకూడదు. సారు అసలు పేరు నేను ఇక్కడ కావాలనే రాయలేదు. అది ముందు మీరు రాయాలి, ఇంటి పేరుతో సహా, మీ చేత్తో.

లేదంటే మీరు అనుకున్నట్టే కంపెనీ యాన్యువల్ డే నాడు ఆ వీడియో వేయండి. పెద్ద తెర మీదే వేయండి, ఢిల్లీ నుంచి వచ్చే మీ పెద్దసార్లని ముందు వరసలో కూర్చోబెట్టండి. తెర మీద ఆడమనిషి అడిగిన ప్రతిసారీ హాల్లో కూర్చున్న బి షిఫ్టు లేచి జవాబు చెప్తుంది. మీ ఫ్లూటు వినబడదు. ఎ షిఫ్టు అక్కలు కూడా మా పక్కనే ఉంటామని మాటిచ్చారు. పెద్దసార్లు వెనక్కి తిరిగి ఇదేంటి అని అడిగితే, స్లిప్పులు వాళ్ళ చేతికే ఇస్తాం.

శనివారం మధ్యాహ్నం రెండు గంటలు, షిఫ్టు మారే లోపల. మనిషిని పంపొద్దు, ఫోన్ చేయొద్దు, మీ క్యాబిన్లోకి పిలవొద్దు. గేటు దగ్గర నోటీసు బోర్డు మీద, మీ సంతకంతో, జవాబు కావాలి.