జెద్దా మేక తోలు, అత్తమ్మ చింతగింజలు

ఆ డప్పు పగలగొట్టింది నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. మా ఆయన ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ "పగిలింది" అని మర్యాదగా దాటేస్తాడు. దానంతట అది పగల్లేదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివిన మనిషి, వద్దంటున్నా వినకుండా పగలగొట్టింది.

డప్పు మామది. మామంటే చుట్టం కాదు. జెద్దాలో మేముండే బిల్డింగుకు మెయింటెనెన్స్ మనిషి. కుళాయి కారినా, ఏసీ నుంచి నీళ్లు పడినా ఆయనే రావాలి. జగిత్యాల వైపు మావీ ఆయనవీ పక్కపక్క ఊళ్లు, అందుకని మామ. ఇక్కడ పానా పట్టుకుని తిరిగే ఆ మనిషి, ఊళ్లో పీర్ల పండుగకు మొదటి డప్పు. ఆయన దరువు మారిస్తేనే పులివేషం కట్టినవాళ్ల అడుగు మారుతుంది. ఇన్నేళ్లలో సెలవంటూ తీసుకుంటే ఆ పండుగకే. అది మొహర్రం నెలవంకను బట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, దాంతోపాటే ఆయన సెలవూ జరిగేది. "ఇతను పోయే హిందూ పండుగ ఒక్క నెలలో నిలవదేం?" అని ఆయన కంపెనీ ముదీర్, మేనేజరన్నమాట, ఓసారి మా ఆయన్ని అడిగాడట. మా ఆయన అరగంట వివరించాడు. ముదీర్ "తయ్యిబ్", అంటే సరేనని, కాగితం మీద సంతకం పెట్టాడు. అర్థమై కాదు, ఇక చాలనిపించి.

ఈసారి సెలవు కాదు, ఫైనల్ ఎగ్జిట్. ఇక తిరిగి రాడు. వెళ్లే ముందు శుక్రవారం ఊరి బయట ఇస్తిరాహా, అంటే చుట్టూ గోడ ఉన్న తోట, ఒకటి మాట్లాడుకున్నాం. మామతో కంపెనీ క్యాంపులో ఉండే మనవాళ్లలో సగం మందికి పండుగకు సెలవు కుదిరి ఏళ్లయింది. మామ డప్పు మీద ఒక్కసారి పులి అడుగు వెయ్యాలని వాళ్ల ఆశ. ఇక్కడ మళ్లీ ఆ దరువు ఉండదు.

క్యాంపు గదిలో ఆరుగురు. చోటు లేక డప్పు మా బీరువా మీద ఉండేది. సముద్రపు చెమ్మకు తోలు మెత్తబడి, కొడితే తడి గోనెసంచిని తన్నినట్టుండేది. వాయించే ముందు మామ మా డాబా మీద అట్టపెట్టెలు కాల్చి దాన్ని కాచుకునేవాడు. ఆ శుక్రవారానికి పది రోజుల ముందు కూడా అందుకే వచ్చాడు. పొగ వస్తోందని కాపలా ఉండే హారిస్ డాబాకు తాళం వేసేశాడు.

"వేడి ఏడిదైతేంది మామా? ఓవెన్ల పెడ్త," అన్నాను.

"వద్దు బిడ్డా. మంట దూరముండాలె. ఎప్పుడు చాలో తోలే చెప్తది."

"తోలు చెప్పదు, టెంపరేచర్ చెప్తది. సన్నగ పెట్టి ఐదు నిమిషాలు, అంతే."

"నీతోని వాదిచ్చుడు నాతోని గాదు," అని ఆయన బాత్రూం సింకు కింద పైపు చూడ్డానికి కూర్చున్నాడు. మూడో నిమిషంలో వంటింట్లో టపాకాయ పేలింది.

మామ వచ్చి ఓవెన్ తలుపు తీశాడు. తోలు ఈ అంచు నుంచి ఆ అంచుకు చీలి ఉంది. వాళ్ల నాయన కట్టిన తోలు అది. తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండేది, ఎదురు చెప్పేదాన్ని. "ఐదు నిమిషాలు గూడ పట్టలే గదా," అన్నాడంతే.

ప్లాస్టిక్ డప్పు కొందామన్నాడు మా ఆయన. బకెట్ ఉంది, దాన్ని కొట్టుకొమ్మన్నాను. మామ మాత్రం చట్రాన్ని తిప్పి తిప్పి చూశాడు. "కట్టె మంచిగున్నది. తోలు దొరికితే నేను బొచ్చు గోరుకుంట, కడ్త. అంటిచ్చే అంబలే రాదు. చింతగింజలతోని మా అవ్వ కాచేది."

గల్లీ చివర యెమెనీ కసాయిని మేక తోలు అడిగితే, మాంసం ఎన్ని కిలోలన్నాడు. మాంసం వద్దు, తోలే అన్నాను. నా ముఖం చూసి, మా ఆయన ముఖం చూసి జాలిపడి ఊరికే ఇచ్చాడు. మామ దాన్ని సున్నంలో నానబెట్టింది మా బాత్రూంలో. వాసన గురించి రాయను. మా ఆయన జీవితంలో మొదటిసారి జిమ్ములో చేరాడు, స్నానానికి.

ఇక చింతగింజలు. ఇక్కడ దుకాణాల్లో దొరికేదంతా గింజ తీసిన చింతపండే. మా అత్తమ్మ మాత్రం ఎవరు వస్తుంటే వాళ్ల చేత, గింజలతో సహా పంపిస్తుంది. ఏటా ఫోన్లో ఒకటే లొల్లి. "గింజలకు గూడ విమానం టికెట్టా అత్తమ్మా?" అంటాను. "నీకు చేతుల్లేవా?" అంటుంది. రెండేళ్లుగా పంతం పట్టి ఆ సంచులు విప్పలేదు. సూపర్ మార్కెట్లో థాయ్ చింతపండు కొంటున్నాను. దాంట్లో పులుపు లేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు. అత్తమ్మ సంచులు రెండూ ఫ్రిజ్ అడుగున అలాగే ఉన్నాయి.

గింజలున్నాయి సరే, అంబలి కాయడం? అత్తమ్మ పుట్టిల్లు గొంగళ్లు నేసే ఇల్లు. ఉన్ని దారానికి పట్టించే గంజి చింతగింజలదే. ఫోన్ చెయ్యక తప్పలేదు.

"అత్తమ్మా, చింతగింజల అంబలి ఎట్ల కాస్తరు?"

"ఎవరు మాట్లాడేది?"

"మీ కోడల్ని."

"మా కోడలు గింజలు పారేస్తది. నువ్వెవరివో."

పక్కనే స్పీకర్లో వింటున్న మామ, నవ్వు ఆపుకోలేక గోడకు తిరిగాడు. జరిగింది చెప్పాను, ఓవెన్ సంగతితో సహా. ఎవరి డప్పో చెప్పగానే ఆమె గొంతు మారింది. "అది మోగకుంటే పండుగకు పులులేడికెల్లి వస్తయ్? రాసుకో. గింజలు ఏంచు, నానబెట్టు, పొట్టు తియ్, మెత్తగ నూరు. సన్నమంట మీద కలుపుతనే ఉండు. గంటె లేపితే దారం సాగాలె. మధ్యల తెలివి చూపియ్యకు."

ఆ సాయంత్రమంతా కలిపాను. మామ వేలితో చూసి "ఇంక" అన్నప్పుడల్లా మారుమాట్లాడకుండా కలిపాను. మా ఆయన వచ్చి జ్వరమా అని అడిగాడు. ఇద్దరం చెరో పక్క చట్రానికి అంబలి రాశాం, మామ తోలు బిగించి కట్టాడు. అది ఆరడానికి ఎండ కావాలిగా. మామ హారిస్ గదిలో ఏసీ బాగుచేశాడు, డాబా తాళం తెరుచుకుంది.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు వేళ దాటాక, ఇస్తిరాహాలో ఓ మూల ఎండు ఖర్జూర మట్టలు అంటించి, డప్పును దూరంగా పట్టుకుని తిప్పుతూ కూర్చున్నాడు మామ. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. వేలితో మీటి చూశాడు, మళ్లీ తిప్పాడు, మళ్లీ మీటాడు. "చెప్పింది," అని లేచాడు.

మొదటి దెబ్బకే గోడ మీది పావురాలు లేచిపోయాయి. ఒంటికి పసుపు రంగు, నల్లచారలు పూసుకున్న పెయింటరొకడు, తువ్వాలు తోక కట్టుకున్న భారీ క్రేన్ ఆపరేటరొకడు మోకాళ్లు వంచి దిగారు. పులులు మగవాళ్లే ఆడాలని వెనకాల ఎవరో గొణిగారు. అడవికెళ్లి చూసి రమ్మన్నాను. అత్తమ్మ వీడియో కాల్‌లో ఉన్న ఫోను మా ఆయన చేతికిచ్చి, చీర కుచ్చిళ్లు దోపుకుని నేనూ దిగాను. క్రేన్ పులి తోక తొక్కాను కూడా.

వీడియోలో అత్తమ్మ అరిచింది. "కుడి పక్క మోత తక్కువున్నది. అంబలి పల్చగ పడ్డది."

మామ చెయ్యి ఆపకుండానే నవ్వాడు. "నిజమే అక్కా. ఆ పక్క రాసింది నీ కోడలే."

మామ వెళ్లాడు. విమానంలో డప్పు ఒళ్లోనే పెట్టుకున్నాడట. కొన్నాళ్లకు, పీర్ల పండుగ రోజు, అత్తమ్మ ఫోన్ చేసింది. డప్పు హోరులో ఆమె మాట సగమే వినపడింది.

"మీ జెద్దా మేక అరుస్తున్నది, ఇన్నవా?"

"ఇంటున్న. కుడి పక్కెట్లున్నది?"

"గట్టిపడ్డది. మంచిగనే ఉన్నది." ఆ వెంటనే, "ఈసారి చింతపండు గింజ తీసే కట్టిన. నీతోని లొల్లెందుకని," అంది.

"మిమ్మల్ని ఎవరు తియ్యమన్నరు?" అన్నాను.