మెట్ల మలుపులో గణపతి

ధూల్‌పేటలో మా లేడీస్ హాస్టల్ మూడంతస్తుల పాత ఇల్లు. కింద విగ్రహాల కార్ఖానా, పైన మేము. చెల్లికి డిగ్రీలో సీటు వచ్చేనాటికి నేను చిన్న ఉద్యోగం చేసుకుంటూ అక్కడే ఉంటున్నాను. తనను కూడా నా గదిలోనే చేర్పిద్దామని నాన్న వచ్చాడు. నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఎమర్జెన్సీ తలుపు సరిగా తెరుచుకోని బస్సును రోడ్డు మీదికి పంపని మనిషి. తిండి ఎలా ఉంటుందని గానీ, నీళ్ళు వస్తాయా అని గానీ అడగలేదు. ముందు మెట్లు ఎక్కి, వెనక మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చాడు.

"ముంగటొకటి, ఎనకొకటి. మంచిగనే ఉన్నది బిడ్డా. చెల్లెకు దమ్ముంటది గదా, పొగ గిట్ల లేస్తె ఎనక మెట్లకెళ్ళి తీస్కపో," అన్నాడు.

చెల్లికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఇంట్లో పోపు ఘాటుకే ఊపిరందక కూలబడిపోయేది. మందు పీల్చే పంపు దిండు కింద లేకపోతే నిద్రపోదు. అందుకే ఆ వెనక మెట్లు ఉన్నాయన్న ధైర్యం నాకూ ఉండేది.

ఆ ఏడు చవితి అయిపోయాక ఒక విగ్రహం మిగిలిపోయింది. ఎవరో కుర్రాళ్ళు చెప్పి చేయించుకుని, తీసుకెళ్ళడానికి రాలేదట. షెడ్డు కారుతోందని కార్ఖానా సేఠ్ పనివాళ్ళ చేత దాన్ని మోయించి, వెనక మెట్లకు మొదటి మలుపులో పెట్టించాడు. నాకంటే ఎత్తు. కింద మందపాటి చెక్కపీట. రంగులన్నీ వేసి, కళ్ళు కూడా దిద్దేశారు. బొజ్జకీ గోడకీ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి ఊపిరి బిగబట్టుకుని వెళ్ళేంత సందు మిగిలింది.

"రెండ్రోజులు ఓపిక పట్టు బేటీ. వాన తగ్గంగనే తీసేస్త. ఫికర్ జేయకు," అన్నాడు సేఠ్.

వాన తగ్గింది. సేఠ్‌కి గుర్తు లేదు. ఇంతలో మా పక్క గది అమ్మాయికి లెక్కల సబ్జెక్టు మిగిలిపోయి, పరీక్ష రాయడానికి వెనక మెట్ల మీదుగా దిగుతూ, ఎదురుగా కనిపించాడు కదా అని ఆ బొమ్మకు కుంకుమ బొట్టు పెట్టి వెళ్ళింది. ప్యాసైంది. ఇక చూడాలి మా వాళ్ళ భక్తి! దేవుడు వెలయడానికి ఏళ్ళూ పూళ్ళూ అక్కర్లేదు, ఒక్క సప్లిమెంటరీ పరీక్ష చాలు. మర్నాడు పూలు, ఆ వారం కొబ్బరికాయ. ఆ తర్వాత హాస్టల్ నడిపే ఆంటీ ఇత్తడి దీపం తెచ్చి పెట్టింది. గోడ మీద పెద్ద అక్షరాలతో 'చెప్పులు విడువవలెను' అని రాయించింది. నూనె దీపం పక్కనే అగరుబత్తులు, వెనక నైలాన్ కర్టెన్. నేను వెళ్ళినప్పుడల్లా దీపం ఆర్పేసేదాన్ని. చెల్లి వెనకే వచ్చి మళ్ళీ వెలిగించేది.

"ఆర్పితె అరిష్టం అక్కా," అనేది.

"నీకు పొగ పడదు గదనే!"

"గీ పొగ పడ్తది," అనేది. పడేది కాదు. దగ్గుతూనే దండం పెట్టుకునేది.

నేను సేఠ్ దగ్గరికి వెళ్ళి, మాట ఇచ్చారు కదా, తీయండి అన్నాను. ఆయన కొత్త విగ్రహం కోసం కొబ్బరి పీచుకు తెల్లటి ప్లాస్టర్ ముద్ద పట్టిస్తున్నాడు. చేతులు దులుపుకుని నా వైపు నిజంగానే జాలిగా చూశాడు.

"నేను పెట్టింది బొమ్మను బేటీ. మీరు దేవుణ్ణి జేసిండ్రు. బొమ్మనైతె ఇద్దరు పోరలు లేపి అవతల పెడ్తరు. పూజలున్న దేవుణ్ణి గట్ల లేపుతరా? ఉద్వాసన చెప్పాలె, నిమజ్జనం జేయాలె. అది చవితికే. అప్పటిదాంక నా చేతుల ఏం లేదు."

ఆయన మాట తప్పు అని నేను అనలేకపోయాను, నేనూ అలాంటి ఇంట్లో పెరిగినదాన్నే. సరే, చవితి దాకా ఆగుదామనుకున్నాను. మధ్యలో ఒకసారి మనసాగక మున్సిపల్ ఆఫీసుకు ఫోన్ చేసి, హాస్టల్‌కి రెండో దారి మూసుకుపోయిందని చెప్పాను. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. కాగితాల్లో అది ఇల్లు అని ఉందట. హాస్టలే లేనప్పుడు హాస్టల్ మెట్లు ఎక్కడివి అన్నట్టు చెప్పి పెట్టేశాడు. నేను ఫోన్ పట్టుకుని ఆ లేని హాస్టల్ వరండాలో కాసేపు నిలబడ్డాను.

చవితి వచ్చింది, నిమజ్జనం రోజూ వచ్చింది. వీధిలో ఎక్కడ చూసినా లారీలు, డప్పులు, గణపతులు వెళ్ళిపోతున్నారు. మా గణపతి కదల్లేదు. ఆంటీ కొత్త పట్టుపంచె కట్టించింది.

"వీధి గణపతుల్ని సాగనంపుతరు గానీ, ఇంటి దేవుణ్ణి ఎవరన్న సాగనంపుతరా? పోరీలు ఊకుంటరా?" అంది నన్ను చూసి.

పోరీలు నిజంగానే ఊరుకోలేదు. లొల్లి చేశారు, నా మీద. నాకు ఉద్యోగం వచ్చేసింది కాబట్టి దేవుడితో పని లేదట. ఆ మాట అన్నవాళ్ళలో చెల్లి లేదు. కానీ వాళ్ళ పక్కనే నిలబడి ఉంది.

ఆ తర్వాతి ఎండాకాలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ముందు మెట్ల కింద ఛార్జింగ్ పెట్టిన కరెంటు స్కూటీ అంటుకుంది. టప్‌మని చప్పుడు వినిపించింది. రబ్బరు కాలిన వాసన ముక్కుకు తగిలేలోపే నల్లటి పొగ ముందు మెట్ల మీదుగా పైకి వచ్చేసింది. నేను దిండు కింది పంపు ఒక చేత్తో, చెల్లి చెయ్యి ఒక చేత్తో పట్టుకుని వెనక మెట్ల వైపు పరిగెత్తాను. హాస్టల్ అంతా అటే వచ్చింది. వెనక నుంచి తోస్తున్నారు, ముందు నుంచి మాత్రం ఎవరూ కదలడం లేదు.

సందు ఇరుకు కాబట్టి ఆగారనుకున్నాను. మెట్టు పైనుంచి మెడ చాచి చూస్తే, నా కళ్ళను నేను నమ్మలేకపోయాను. అమ్మాయిలు చెప్పులు విడుస్తున్నారు. పైన పొగ కమ్ముకొస్తుంటే, ఒక్కొక్కరూ ఆగి, చెప్పులు విడిచి, బొజ్జను తాకి కళ్ళకద్దుకుని, అప్పుడు పక్కకు తిరిగి సందులో దూరుతున్నారు. ముందున్న పిల్ల ఒంగి శాండిల్ బకిల్ విప్పుకుంటోంది. బకిల్ ఊడి రావడం లేదు. దాని వెనక మేమంతా.

"తొక్కుకుంట పోండే! చెప్పులేందే!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు.

మలుపు దగ్గర విడిచిన చెప్పులు కుప్పపడ్డాయి. ఆ కుప్ప మీద కాలు జారి ఒకమ్మాయి పడింది, ఆమెను లేపడానికి ఇంకొకరు ఆగారు. చెల్లి ఊపిరి ఈల వేస్తోంది. నా చేతిలో దాని చెయ్యి చల్లబడుతోంది. మా వంతు వచ్చేసరికి అదీ ఆగి, గోడ పట్టుకుని, కాళ్ళు తడుముకుంటూ చెప్పులు విడిచింది. నాకు ఏడుపొచ్చింది. ఇంక ఆలోచించలేదు. గోడకు వీపు ఆనించి, బలం కొద్దీ భుజంతో విగ్రహాన్ని నెట్టాను.

"అక్కా, వద్దే! పాపం తగుల్తది!" ఊపిరి అందని గొంతుతో అరిచింది చెల్లి.

చెక్కపీట కిర్రుమంది. జానెడు జరిగింది. చెల్లిని ఆ సందులోంచి తోశాను, నా వెనకవాళ్ళు ఇద్దరిద్దరు చొప్పున దిగారు.

అప్పటికే సేఠ్ మనుషులు కరెంటు మెయిన్ ఆపేసి స్కూటీ మీద ఇసుక కుమ్మరిస్తున్నారు. ఎవరూ పోలేదు. ముందు మెట్లు మసిబారాయి, అంతే. చెల్లిని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే చీకటిపడే దాకా మూతికి మాస్క్ పెట్టి ఉంచారు. నా భుజం వాచి నల్లగా కమిలింది. మాస్క్ తీయగానే చెల్లి అన్న మొదటి మాట ఇది:

"చూసినవా అక్కా? స్వామి జరిగిండు. దారిచ్చిండు."

"నేను నెట్టిన్నే."

"నువ్వు నెడ్తె గంత పెద్దది కదుల్తదా?" అంది. ఎంత ప్రేమగా అందో! భుజం చూపించబోయి, చున్నీ మళ్ళీ కప్పుకున్నాను.

మరుసటి వారానికి పేటంతా తెలిసిపోయింది. అంత దూరం దబీర్‌పురా నుంచి కూడా మనుషులొచ్చి మా వెనక మెట్లెక్కి దండం పెట్టుకున్నారు. నెట్టిన మనిషి ఎవరని ఎవరూ అడగలేదు, పైగదిలోనే ఉన్నానని నేనూ చెప్పుకోలేదు. ఆంటీ మేస్త్రీని పిలిపించింది. విగ్రహం కింద సిమెంటు గద్దె కట్టించి, తెల్ల టైల్స్ వేయించి, చుట్టూ ఇనుప గ్రిల్ పెట్టించింది. నేను సంపాదించిన జానెడు సందులో సగం ఆ గ్రిల్‌కి పోయింది. మంట ఆర్పే ఎర్ర సిలిండర్ కూడా ఒకటి కొని గ్రిల్ లోపల పెట్టి తాళం వేసింది. దసరా నాడు దానికీ బొట్టు పెట్టి, పిన్ను చుట్టూ పసుపు దారం ముడులు ముడులుగా కట్టారు.

నాకు మిగిలిన ఆశ ఒక్క నాన్న. దసరా దాకా ఆగలేదు, గ్రిల్ పెట్టిన వారమే రమ్మని ఫోన్ చేశాను. వచ్చాడు. ముందు మెట్ల మసి చూశాడు, వెనక మెట్లు దిగాడు. ఇప్పుడు అరుస్తాడు, చెల్లి పెట్టె సర్దమంటాడు అని నేను వెనకే నిలబడ్డాను. మలుపులో నాన్న ఆగాడు. గ్రిల్ పట్టుకుని ఊపి చూశాడు. తర్వాత చెప్పులు విడిచాడు. చేతులు జోడించాడు. వీపు కదులుతోంది. నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

"స్వామి దయ బిడ్డా. పిల్ల దక్కింది. ఈడనే ఉండనీ," అన్నాడు.

చెల్లికి ఇంకా చదువు ఉంది. వేరే చోటికి పోదామంటే, అక్కడ స్వామి ఉండడు కదా అంటుంది. దాన్ని వదిలి నేను వెళ్ళలేను. మొన్న సాయంత్రం ఇద్దరం వెనక మెట్లు దిగుతున్నాం. మలుపు దగ్గర అది అలవాటుగా ఆగి చెప్పులు విడుస్తోంది.

"ఒక్కటడుగుత. మళ్ళ గట్లయితె, చెప్పులతోనే ఉరుకుతవా?" అన్నాను.

చెప్పులు చేతిలో పట్టుకుని అది విగ్రహం వైపు చూసింది, నా వైపు చూసింది. నా మీద ప్రేమ లేక కాదు.

"చూస్త అక్కా," అంది.