చింతపిక్కల బంతులు

నీలకంఠం పాతికేళ్ళ వయసు నుంచీ రేవులో క్రేన్ నడిపాడు. ఓడలోంచి బరువులు ఎత్తి, గాల్లో ఊగకుండా తిప్పి, లారీ మీద పువ్వు పెట్టినట్టు దించేవాడని పేరు. కింద నిలబడి చేత్తో సైగలు చేసే జోజి, పైన కేబిన్లో నీలకంఠం, వీళ్ళిద్దరూ ఒకే మనిషిలా పనిచేసేవాళ్ళు.

కిందటి వేసవిలో ఎడమ కంట్లో నలక పడింది. నలిపాడు, చుక్కల మందు వేసుకున్నాడు, డ్యూటీకి పోయాడు. ఆసుపత్రికి వెళ్ళేసరికి లోపల పుండు ముదిరిపోయింది. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు గానీ ఆ కంటి చూపు దక్కలేదు.

రేవు దగ్గర మల్కాపురంలోని ఇంటికొచ్చిన మర్నాడు భార్య సీతాలు టీ గ్లాసు అందిస్తే, అతని వేళ్ళు గ్లాసుకి బెత్తెడు ఇవతలే మూసుకున్నాయి. గ్లాసు కిందపడి పగిలింది. ఇక డాబా మెట్లు దిగుతుంటే ఆఖరి మెట్టు అయిపోయిందనుకున్నచోట ఇంకో మెట్టు ఉండేది. ఎత్తునుంచి చూసి దూరాన్ని అంగుళాల్లో చెప్పిన మనిషికి, చొక్కా గుండీ ఎక్కడుందో తడుముకోవలసి వచ్చింది.

"దూరం తెలియాలంటే రెండు కళ్ళూ కావాలండీ," అంది కంటి డాక్టరమ్మ. "అయినా ఒక్క కన్నుతోనూ నెమ్మదిగా అలవాటవుతుంది. రోజూ ఒక బంతి ఎగరేసి పట్టుకుంటూ ఉండండి."

"మరి క్రేన్?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. యార్డులో అతనికి పనిముట్ల గదిలో ఉద్యోగం ఇచ్చారు.

బంతాట తన వయసువాడికి చెప్పే వైద్యమా అని నీలకంఠానికి ఉక్రోషం వచ్చింది. అయినా ఒక సాయంత్రం ఎవరూ చూడకుండా వంటింట్లో మూడు నిమ్మకాయలు జేబులో వేసుకుని డాబా ఎక్కాడు. ఒకటి ఎగరేశాడు. అది భుజానికి తగిలి, దొర్లుకుంటూ పిట్టగోడ మూలకి పోయింది. ఒంగి వెతుక్కుంటూ ఉండగా, ఆరేసిన బట్టలు తియ్యడానికి సీతాలు పైకి వచ్చింది.

"ఏటి సేత్తన్నావు బావా?"

"ఏటీ లేదు."

"పులిహోరకి తెచ్చిన కాయలు! ఇటియ్యి."

కాయలు చేతికందగానే ఆమె వాటిని బరువు చూస్తున్నట్టు కాసేపు ఆడించింది. తర్వాత చీర కొంగు నడుముకి దోపుకుని ఒకటి పైకి వేసింది. అది దిగేలోగా రెండోది, రెండోది దిగేలోగా మూడోది. మూడు కాయలూ ఆమె ముఖం ముందు ఒకదాన్నొకటి దాటుకుంటూ తిరిగాయి. నీలకంఠం నోరు తెరిచి చూశాడు. సీతాలు తన మేనత్త కూతురు. చిన్నప్పట్నించీ ఎరిగిన మనిషి.

"ఎక్కడ నేర్సుకున్నావే?"

"మా తగరపువలస కాడ జీడితోటలో. కాపలాకి కూకుంటే పొద్దు పోవాల కదా, ఆడపిల్లలం జీడిపళ్ళు ఎగరేసీవోళ్ళం. పెళ్ళయ్యాక మీ యమ్మ సూత్తే ఏటంతాదోనని మానేసినాను. ఇప్పుడు సెయ్యే గుర్తు సేసింది."

నిమ్మకాయలు దొర్లిపోతున్నాయని ఆమె మర్నాడు జాకెట్టు ముక్కలతో మూడు చిన్న సంచులు కుట్టి చింతపిక్కలు నింపింది. ఈ బంతులు పడినా పడ్డచోటే ఉంటాయి.

ఒక బంతి నేర్చుకోవడానికే వారాలు పట్టింది. రెండోది వచ్చాక అసలు కష్టం మొదలైంది. కుడిచేతి బంతి ఎగరెయ్యగానే కంగారుపడి ఎడమచేతి బంతిని కుడిచేతిలో పెట్టేసేవాడు.

"అందించకు, ఎగరెయ్యి! ముందుది పైకంటా పోనీ. సేతులకేసి సూడకు, పైకి సూడు," అనేది సీతాలు.

తెలుసు. చెయ్యి వింటే కదా!

ఒకరోజు డాబా మీంచి రేవు వైపు చూస్తే, తను కూర్చునే క్రేన్ కదులుతోంది. కేబిన్లో ఎవరో కుర్రవాడు. దించుతున్న బరువు గాల్లో ఊగుతోంది. నీలకంఠం సంచులు మూలకి విసిరికొట్టి కిందికి దిగిపోయాడు. చాలారోజులు మళ్ళీ పైకి వెళ్ళలేదు. సీతాలు రమ్మనలేదు, బతిమాలలేదు. పని అయ్యాక తనే డాబా ఎక్కేది. కింద మంచం మీద పడుకున్న అతనికి సంచులు నేల మీద పడే చప్పుడు వినబడేది. ఇంత బాగా వచ్చినదానికి ఎందుకు పడిపోతున్నాయి? ఉండబట్టలేక వెళ్ళి చూశాడు. సీతాలు నాలుగో సంచి కుట్టుకుంది. నాలుగూ ఒకేసారి తిప్పబోయి, అన్నీ నెత్తిమీద పడుతుంటే తనలో తనే నవ్వుకుంటోంది.

"నాకూ రాటం లేదు బావా," అంది.

అతను ఒంగి రెండు సంచులు తీసుకున్నాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి జోజి నేరుగా వాళ్ళ డాబా మీదికి వచ్చాడు. స్నేహితుడి అవస్థ కాసేపు చూసి, ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"బావా, నువ్వు ఎప్పుడొగ్గాలో నాను సెప్తాను. రేవులో సెప్పినట్టే."

బంతి పైకి లేచి, ఇక దిగబోయే క్షణాన జోజి చెయ్యి పైకెత్తాడు. నీలకంఠం రెండోది వదిలాడు. అన్నేళ్ళు ఆ చేతిని నమ్మినవాడికి ఇప్పుడు ఆలోచించే పనే లేకపోయింది. మళ్ళీ చెయ్యి, మళ్ళీ బంతి. చీకటి పడేలోగా మూడో సంచి కూడా గాల్లోకి లేచి, ఒక్క చుట్టు తిరిగి అరచేతిలోకి వచ్చింది. జోజి పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు కిటికీ తీశారు.

వానలు వెళ్ళిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, పనిముట్ల గదిలో నీలకంఠం గొలుసులు సర్దుతున్నాడు. జోజి గుమ్మంలోంచే, "బావా, ఇంద!" అంటూ పాత అలవాటు కొద్దీ తాళాల గుత్తి విసిరాడు. విసిరాక గుర్తొచ్చి, "అయ్యయ్యో, సూసుకో!" అని అరిచాడు.

గుత్తి అప్పటికే నీలకంఠం గుప్పిట్లో ఉంది. అతను దాన్ని మేకుకి తగిలించి మళ్ళీ గొలుసుల వైపు తిరిగాడు. అప్పుడు ఆగాడు. గుత్తి పట్టిన చేతిని చూసుకున్నాడు.

"పట్టీసినావు బావా," అన్నాడు జోజి మెల్లిగా.

"అవును," అన్నాడు నీలకంఠం.

క్రేన్ తిరిగి రాలేదు. రాదని అతనికి తెలుసు. కేబిన్లోని కుర్రవాడు ఉదయ్‌కుమార్ మాత్రం బరువు ఊగకుండా దించే ఒడుపు అడగడానికి అప్పుడప్పుడు పనిముట్ల గదికి వస్తుంటాడు. నీలకంఠం ఒక తాడుకి బోల్టు కట్టి, ఊపి చూపిస్తాడు.

సాయంత్రాలు మొగుడూ పెళ్ళాం డాబా మీద పక్కపక్కన నిలబడి, అతని కుడిచెయ్యి, ఆమె ఎడమచెయ్యి కలిపి మూడు సంచులూ తిప్పుతారు. సీతాలు అతని ఎడమవైపు నిలబడుతుంది. ఆమె విసిరింది మొదట్లో అతనికి కనబడేది కాదు. ఇప్పుడు కొద్దిగా ముఖం తిప్పి అందుకుంటాడు. సముద్రం గాలికి బంతులు పక్కకి పోతే ఆమె, "నీదే తప్పు," అంటుంది. అతను, "గాలిది," అంటాడు.

మొన్న పక్కింటి పుష్పకుమారి పిట్టగోడ అవతల నిలబడి చాలాసేపు చూసి, తనకీ నేర్పమని అడిగింది. సీతాలు ఆమెకి ఒక్క సంచి ఇచ్చింది.