నేను అతికించిన దూది

2017 డిసెంబరు. పుదుచ్చేరి లాస్‌పేటలో ఒక మేడ ఇంటి కింది వాటాలో నడిచే ప్లేస్కూల్లో నేను టీచరుగా చేరి అప్పటికి ఆరేళ్లు. నా క్లాసులో పద్నాలుగు మంది, అందరూ రెండున్నర, మూడేళ్ల వాళ్లు. అక్కడ చలికాలం అంటే వానలు వెలిశాక పొద్దున పూట కాస్త మంచు పడే నాలుగు వారాలు, అంతే. ఆ మాత్రానికే తల్లులు పిల్లలకు మంకీ క్యాపులు తొడిగి పంపేవాళ్లు. పది గంటలకల్లా లోపల జుట్టంతా చెమటతో తడిసిపోయేది. ఒక్కొక్కరి టోపీ తీసి, తల తుడిచి, ఎవరి టోపీ వాళ్ల సంచిలో పెట్టడం నా మొదటి పని. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, ఆ స్కూలూ లేదు. డిసెంబరు వచ్చిందంటే మాత్రం నాకు ఆ తడి ఉన్ని వాసనే గుర్తొస్తుంది.

ఆ నెలంతా వింటర్ క్రాఫ్ట్ చేయించేవాళ్లం. అందులో ముఖ్యమైనది స్నోమ్యాన్, అంటే మంచుబొమ్మ. కాగితం మీద గీసిచ్చిన రెండు గుండ్రాల్లో గమ్ము రాసి, దూది తుంచి అతికించాలి. అలాంటి మంచు పిల్లలూ చూడలేదు, నేనూ చూడలేదు. "ఇదేందో చెప్పండి చూద్దాం" అని అడిగితే ఒకడు "ఇడ్లీ మీద ఇడ్లీ" అన్నాడు. తక్కిన వాళ్లంతా చట్నీ యాడని గోల పెట్టారు.

ఈ ఆటల వెనక అసలు పని వేరే ఉంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువును పట్టుకోవడాన్ని మేం పిన్సర్ గ్రిప్ అంటాం. రేపు పెన్సిల్ పట్టాలన్నా, బొత్తాం పెట్టుకోవాలన్నా ఆ పట్టు రావాలి. దూది తుంచడం అందుకే. బొమ్మ ఎలా వచ్చిందన్నది ముఖ్యం కాదు. ట్రైనింగులో ఇదంతా రాసుకుని మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. క్లాసులో చేసింది మాత్రం ఇంకొకటి. పిల్లలు వెళ్లిపోయాక టీచర్లం కూర్చుని బొమ్మలన్నిటికీ ఫినిషింగ్ చేసేవాళ్లం. వంకర దూది పీకేసి సరిగ్గా అతికించి, కళ్లూ ముక్కూ పెట్టి ఫైల్లో గుచ్చేవాళ్లం. ఫైలు చూసి తల్లులు పొంగిపోవాలి కదా! ఫినిషింగులో నాది పేరున్న చెయ్యి. పక్క క్లాసు వాళ్లు కూడా నన్నే పిలిచేవాళ్లు. నాకు అదొక గర్వం, దాచడమెందుకు.

ఆ ఏడు నా క్లాసులో ఎస్. లిఖిత అని ఒక పాప ఉండేది. వాళ్ల నాన్న తేంగాయితిట్టులో చేపల వ్యాను నడిపేవాడు. అమ్మ రేవతికి గోరిమేడు వైపు ఒక ఆసుపత్రిలో వార్డులు శుభ్రం చేసే పని. షిఫ్టుల వల్ల ఆమె స్కూలుకు రావడం కుదిరేది కాదు, పాపను నాన్నమ్మ దించి వెళ్లేది. లిఖిత గలగలా మాట్లాడేది, బాగా నవ్వేది. కానీ దూది ఇస్తే పిడికిట్లో మొత్తంగా నలిపేసేది. వేళ్ల మధ్య ఏదీ నిలిచేది కాదు. గమ్ము అంటితే గౌనుకు తుడుచుకుని దూరంగా జరిగిపోయేది. చిన్నపిల్ల, వస్తుందిలే అనుకున్నాను. పాప కాగితాల మీద పనంతా నేనే చేశాను.

ఒక శుక్రవారం పాపను తీసుకెళ్లడానికి రేవతి డ్యూటీ చీరతోనే వచ్చింది. ఫైలు తిప్పి చూస్తూ, "ఇవన్నీ మా పాప చేసినవేనా అక్కా?" అని అడిగింది.

"అవునమ్మా" అన్నాను. ఎందరికో చెప్పిన మాటే, నోటికి అలవాటైపోయింది.

ఆమె కళ్లు తుడుచుకుంది. "పాప వేళ్లు సరిగా పట్టడం లేదని డాక్టరమ్మ చెప్పినాదక్కా. స్కూల్లో చేసినవి ఏమైనా ఉంటే సోమవారం తీసుకురమ్మన్నాది. అప్పటినుంచి నాకు అన్నం దిగలేదు. ఇది చూపిస్తే చాలు. మా బిడ్డకి ఏమీ లేదు. రొంబ అందంగా చేసుండాది."

ఫైలు సంచిలో పెట్టుకుని, పాపను తీసుకుని ఆమె బయల్దేరింది. ఆ ఫైలు చూస్తే ఏ డాక్టరైనా పాపకు బాగానే ఉందనుకుంటుంది. పాపకు అందాల్సిన సాయం నా చేతి నైపుణ్యం వల్ల ఆగిపోతుంది. చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా పరుగెత్తాను.

"రేవతీ, అది డాక్టరుకి చూపించొద్దు. ఆ దూది అతికించింది నేను."

"ఒకటి కూడా పాప పెట్టలేదా?"

"లేదమ్మా."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "దినమంతా నేను వార్డులో ఉంటా. నా బిడ్డ ఏం చేస్తా ఉండాదో ఈ కాగితం చూసే కదక్కా నేను తెలుసుకోవాల" అంది. ఆమె నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమెనూ పాపనూ లోపలికి తీసుకొచ్చాను. లిఖితకు కొత్త కాగితం, దూది ఇచ్చి మేమిద్దరం ఊరికే కూర్చున్నాం. గమ్ములో నలిగిన ఒక ముద్ద, గోళ్లతో చినిగిన ఒక మూల, అంతే వచ్చింది. ఆ కాగితంతో పాటు పాప ఏం చేయగలదో, ఏం చేయలేదో ఒక పేజీ నిండా రాసిచ్చాను. డాక్టరమ్మ వాటిని చూసి ఆక్యుపేషనల్ థెరపీకి పంపింది, అంటే రోజువారీ పనులకు చేతులను అలవాటు చేసే శిక్షణ. ఇంట్లో చపాతీ పిండి గిల్లించమన్నారు, బఠానీలు ఒలిపించమన్నారు. నాన్నమ్మ అవన్నీ విసుక్కోకుండా చేయించింది.

మరుసటి ఏడాది కూడా పాపను నా దగ్గరే ఉంచమని రేవతి అడిగింది. అంత జరిగాక అలా అడగడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది. డిసెంబరులో ఒకరోజు సెలవు పెట్టి వచ్చి, పిల్లల చాప మీద పాప వెనక కూర్చుంది. లిఖిత చాలాసేపు ప్రయత్నించి, రెండు వేళ్లతో చిటికెడు దూది తుంచి కాగితం మీద పెట్టింది. అది గుండ్రం దాటి ఎక్కడో అంచున పడింది. పాత అలవాటు కదా, సరిచేద్దామని నా చెయ్యి ముందుకు వెళ్లింది.

రేవతి నా మణికట్టు పట్టుకుంది. "ఉండనీ అక్కా. అది మా పాప పెట్టినాది."

ఆ తర్వాత ఏ బిడ్డ కాగితం మీదా నా చెయ్యి పడలేదు.