ఖాళీ చేయించని వరండా

మొన్న మా కోడలు వంటింట్లో వెనిగర్ సీసా మూత తీసింది. ఆ పుల్లటి ఘాటు తగలగానే నాకు ఎక్స్-రే ఫిల్ములు కడిగే చీకటి గది, అందులోంచి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చే సుగుణమ్మగారు గుర్తొచ్చారు. రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్లకు, భద్రాచలం దగ్గరి అడవి అంచున ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నేను ఆఫీసు సూపరింటెండెంటును, ఆమె ఎక్స్-రే టెక్నీషియన్. ఆ గదికి ముగ్గురుండాలి. ఒకరు రిటైరయ్యారు, ఒకరు బదిలీ చేయించుకుని వెళ్లారు. అడవి వైపు రావడానికి కొత్తవాళ్లెవరూ ఇష్టపడలేదు. ముగ్గురి పనీ ఆమె ఒక్కరే చేస్తూ వచ్చారు. పని ఆగలేదు కనుక మనుషులు చాలినంత ఉన్నారనుకోవడం మాకందరికీ అలవాటైపోయింది.

గర్భసంచి ఆపరేషన్ చేయించుకోవాలని ఆమెకు డాక్టరు చెప్పి ఏడాది దాటింది. సెలవు అడిగినప్పుడల్లా మా పెద్ద డాక్టరుగారిది ఒకటే జవాబు: "మీరు పోతే గదికి తాళమేనమ్మా." నొప్పి వచ్చినప్పుడు ఆమె గోడకు ఆనుకుని కాసేపు కళ్లు మూసుకునేవారు. తర్వాత "ఎవరమ్మా, లోపలికి రాండ్రి" అని పిలిచేవారు.

ఒక వేసవిలో ఖమ్మం నుంచి పెద్ద అధికారి తనిఖీకి వచ్చారు. తునికాకు కోయబోయి పడి చేయి విరిగినవాళ్లు, దగ్గు తగ్గనివాళ్లు వరండా నిండా ఉన్నారు. ఆయన వచ్చేలోగా దాన్ని ఖాళీ చేయించమని నాకు పెద్ద డాక్టరుగారి ఆదేశం.

"మేడం, ఇయ్యాల ఒక్కరోజు జర జల్దీ కానిస్తే..." అన్నాను సుగుణమ్మగారితో.

"ఇయ్యాల ఒక్కరోజనే కద సారూ, రెండేండ్ల సంది తీస్తున్న. వరండా ఖాళీగ కనవడితే ఇంకో మనిషిని ఎందుకిస్తరు?"

విరిగిన చేతులకు ముందు ఫిల్ములు తీసేశారు. తర్వాత వరండాలోకి వచ్చి, మిగిలినవాళ్లకు దాచకుండా చెప్పారు. "నేనొక్కదాన్నే ఉన్న. సార్ వచ్చిందాక మీరు గిట్లనే కూసుంటె ఆయనకు సంగతి ఎర్కైతది. పోవాలన్నోళ్లకు ఇప్పుడే తీస్త."

మణుగూరు వైపు పల్లె నుంచి వచ్చిన ముసలాయన నవ్వాడు. "కూసునుడే గద బిడ్డా! పొద్దుగాల సంది గదే పని చేస్తున్నం." ఎవరూ లేవలేదు.

అధికారి వచ్చి వరండా అంతా చూసి నా వైపు తిరిగారు. "ఏందిది? ఎట్ల నడుపుతున్నరు?"

అలాంటప్పుడు "సర్దుకుంటున్నాం సార్" అనడం ఆఫీసు రివాజు. పెద్ద డాక్టరుగారు ఆ మాట కోసమే నన్ను చూస్తున్నారు. నేను సుగుణమ్మగారి వైపు చూశాను. ఆమె గోడకు ఆనుకుని ఉన్నారు.

"సర్దుకోలేకపోతున్నాం సార్. ముగ్గురి పని ఆమె ఒక్కరే చేస్తున్నరు. ఆపరేషన్‌కు గూడ సెలవియ్యలేకపోతున్నాం," అన్నాను.

పెద్ద డాక్టరుగారు ఆ తర్వాత చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నారు. సుగుణమ్మగారు మాత్రం ఆ పూట అన్నం కూడా తినకుండా అందరికీ తీశారు, ముసలాయనకు బస్సు తప్పిపోకుండా ముందు ఆయనకు.

వానలు పడేలోగా, కొత్తగూడెం నుంచి వారంలో సగం రోజులు వచ్చేలా ఒకాయనను వేశారు. మూడో మనిషి నేను రిటైరయ్యేదాకా రాలేదు. అయినా ఆమెకు సెలవు దొరికింది, ఆపరేషన్ జరిగింది. తనిఖీ నాటి సంగతులు ఆ రాత్రే డైరీలో రాసుకున్నాను గానీ, వాటి బరువు నాకు తెలిసిరావడానికి చాలా కాలం పట్టింది.

ఇప్పుడు మా కాలనీ సంఘం సమావేశంలో "వీధులు శుభ్రంగానే ఉన్నాయి కదా" అని ఎవరైనా అంటే, ఎంతమంది ఊడుస్తున్నారని అడుగుతాను.