మునస్వామి గాజు ముక్కల మూటలు

పూతలపట్టు చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకి ఎంత సఖ్యత ఉందో చెప్పగల మనిషి ఒకడుండేవాడు. ఆయన పురోహితుడు కాదు, పంచాయతీ పెద్ద కాదు, బడిపంతులు అసలే కాదు. గాజుల మునస్వామి. తాళ్ళకి గుచ్చిన గాజుల మోపు, అదే మలారం, భుజాన వేసుకుని పొద్దున్నే బయలుదేరితే పొద్దుగూకేసరికి ఇల్లు చేరేవాడు. అక్షరం ముక్క రాదు. అయినా సంసారాల మీద ఆయన చేసినంత పరిశోధన మదరాసులో పట్టాలు పుచ్చుకున్నవాళ్ళు కూడా చేసి ఉండరు.

దీనికంతటికీ మూలం వాళ్ళ నాయన నేర్పిన ఒక చిట్కా. గాజు బొటనవేలి ఎముక దాటేటప్పుడు ఆడవాళ్ళకి ప్రాణం పోతుంది. అప్పుడు వాళ్ళని మాటల్లో పెట్టాలి. అందుకని చెయ్యి పట్టుకోగానే మునస్వామి నోట్లోంచి ఒకే ప్రశ్న వచ్చేది.

“మీ ఇంటాయన బాగుండాడా తల్లీ?”

ఇంక చూసుకోండి. ఆ ప్రశ్నకి జవాబు పూర్తయ్యేలోపల రెండు చేతులకీ డజను గాజులు ఎక్కిపోయేవి. ఎక్కినట్టు ఆ తల్లికి తెలిసేది కాదు, జవాబు మాత్రం అయ్యేది కాదు. పాతికేళ్ళు ఇలా విన్నాక మునస్వామికి ఒక సిద్ధాంతం పుట్టింది. సంసారం ఎట్లా ఉందో నోరు చెప్పదు, గాజు చెబుతుంది. ఎక్కువ పగిలితే ఎక్కువ పోట్లాట. పగలకపోతే సుఖం.

ముత్తైదువ గాజు ముక్కల్ని తొక్కే చోట పారేయకూడదు గదా. అందుకని ఆడవాళ్ళు వాటిని ఏ గూట్లోనో దాచేవాళ్ళు. మునస్వామి వాటిని అడిగి తెచ్చుకుని, ఇంటికొక గుడ్డమూట చొప్పున కట్టి, తన వంటింటి వాసాలకి వేలాడదీసేవాడు. నెలకోసారి ఒక్కో మూటనీ అరచేతిలో పెట్టుకుని బరువు చూసేవాడు. బరువెక్కిన ఇంటికి బయలుదేరి వెళ్ళి, అడక్కపోయినా బుద్ధులు చెప్పి వచ్చేవాడు.

ఆయన భార్య గురవమ్మ నెమ్మదస్తురాలు. ఎండుమిరపకాయల మూట అనుకుని రెండుసార్లు గాజు ముక్కలు చారులో వేయబోయింది కూడా. అయినా ఏమీ అనలేదు. ఆ వాసాల వరుసలో గురవమ్మ పేరున మాత్రం మూట లేదు. ఆమె గాజు పగలడం మునస్వామి ఏనాడూ చూడలేదు. చూడకపోవడం వేరు, పగలకపోవడం వేరు అని అంత పరిశోధకుడికీ తట్టలేదు.

అన్నిట్లోకీ బరువైన మూట పొయ్యి పక్కన వేలాడేది. అది చెంగల్రాయుడి భార్య గంగులమ్మది. ఆ మొగుడూ పెళ్ళాలు చూడబోతే చిలకా గోరింకల్లా ఉండేవాళ్ళు. మూట మాత్రం నెలనెలా ఉబ్బిపోయేది. పైకి నవ్వుతూ లోపల కుళ్ళిపోతున్నారని మునస్వామి తేల్చి, చెంగల్రాయుణ్ణి కూర్చోబెట్టి చెప్పాడు.

“దినానికొకసారి మీ ఇంటామెని బాగుండావా అని అడగాలప్పా. మరిసిపోవద్దు.”

చెంగల్రాయుడు అమాయకుడు, మాట జవదాటేవాడు కాదు. నాలుగేళ్ళపాటు రోజూ చెనక్కాయ చేలో ఈ గట్టున నిలబడి “ఏమ్మే, బాగుండావా?” అని కేక వేసేవాడు. ఆ గట్టు నుంచి గంగులమ్మ “ఉండా, ఉండా” అని అరిచేది. దారిన పోయేవాళ్ళు ఆమెకేదో రోగమనుకున్నారు. మూట మాత్రం తగ్గలేదు.

ఇంతలో యుద్ధం వచ్చింది. నలభై మూడో సంవత్సరానికి రైలుపెట్టెలన్నీ సిపాయిలకే సరిపోయి, ఉత్తరాది నుంచి రావలసిన గాజులు రావడం మానేశాయి. ఊళ్ళలో గాజులు పగలడం కూడా ఆగిపోయింది. మూటలు పెరగలేదు. మునస్వామి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. కూడలిలో ధనంజయ కాఫీ కొట్టు ముందు నిలబడి, యుద్ధం వల్ల సంసారాలన్నీ చక్కబడ్డాయని చాటాడు.

ధనంజయ గ్లాసులు కడుగుతూ అన్నాడు. “సంసారాలు సక్కబడలేదబ్బా. గాజులు దొరకవని ఆడోళ్ళు సేతికి కొంగు సుట్టుకోని కొట్లాడతా ఉండారు. మా ఇంట్లో నేనే సూస్తా ఉండా.”

కొట్టులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మునస్వామికి రోషం పొడుచుకొచ్చింది.

“మా ఇంటికొచ్చి సూడు. పద్దెనిమిదేండ్లుగా ఒక్క గాజు పగలలేదు. మా ఇంటామె నాతో అంత సుఖంగా ఉండాది.”

“అయితే కాణిపాకంలో సెయ్యి ప్రమాణం.”

“సేస్తా. వచ్చే సోమారమే సేస్తా.”

నోరు జారాక మునస్వామి మలారం ఎత్తుకుని గబగబా ఇంటిదారి పట్టాడు. కాణిపాకం వినాయకుడి ముందు తడిబట్టలతో అబద్ధం చెప్పి బాగుపడినవాడు ఆ చుట్టుపక్కల లేడని అందరికీ నమ్మకం. దొంగతనం చేసినవాడు కూడా ఆ గుడి దాకా పోయి, గడప ముందు నిజం కక్కేస్తాడు. మునస్వామి చెప్పబోయేది అబద్ధమో నిజమో మునస్వామికే తెలియదు. ఇరవై ఊళ్ళ ఆడవాళ్ళని అడిగిన మనిషి ఇంట్లో మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. సోమవారానికి నాలుగు రోజులే ఉన్నాయి. ఆయనకి నిజంగా భయం వేసింది.

ఆ సాయంత్రం చెంబెడు నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని అడిగాడు. “గురవమ్మా, నాతో సుఖంగా ఉండావా?”

గురవమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, శొంఠి కషాయం కాచి ఇచ్చింది.

మర్నాడు ఆయన వంకాయలు తరిగాడు. ఆ మర్నాడు నీళ్ళు తోడాడు. గురవమ్మకి అనుమానం బలపడి కషాయంలో మిరియాలు పెంచింది. ఆదివారం నాటికి మునస్వామికి కడుపులో మంటే మిగిలింది గాని జవాబు దొరకలేదు. చివరికి పొయ్యి ముందు చతికిలబడి, కాఫీ కొట్టులో జరిగిందంతా చెప్పేశాడు.

గురవమ్మ సంకటి కెలుకుతూ విన్నది. మంట వెలుగులో ఆమె చేతులు కనిపించాయి. పచ్చగాజులు, వాటి మీద సన్నటి బంగారు గీత. తన సరుకులో ప్రతి గాజూ మునస్వామికి తెలుసు. అవి తన మలారంలోవి కావు.

“ఇవి యాడివి?”

“సిత్తూరు సాయిబులామె, ఉమ్మే సల్మా దగ్గరివి. ఆమె గాజులమ్మే మనిషి, నెలకొకసారి ఈదిలోకి వస్తాది.”

“గాజులోడి పెళ్ళానివి, ఇంకొకరి దగ్గర గాజులేస్కుంటావా?”

“నువ్వు నాకు ఏనాడన్నా ఏసినావా? ఊరంతా తిరిగి, ఎవురికీ సరిపోనివి గూట్లో పడేస్తావు. ఆమె నా సెయ్యి పట్టుకోని, నువ్వు బాగుండావా అక్కా అని అడిగింది. మీ ఇంటాయన కాదు, నువ్వు అని. ఆ పొద్దు నాకు ఏడుపొచ్చింది.”

మునస్వామి తల వంచుకుని పొయ్యిలో పుల్లలు ఎగదోశాడు. కాసేపటికి ఆయనలోని పరిశోధకుడు లేచాడు. “అయితే అవి పగల్లేదా?”

“పగలకేం? నీ మీద కోపమొచ్చినప్పుడంతా తిరగలి మీద సెయ్యి కొడతా. గాజులు కరువయ్యేదాకా నెలకొక డజను.”

“ముక్కలేవి?”

గురవమ్మ గరిటెతో పొయ్యి పక్కకి చూపించింది. “తొక్కేకాడ పారేస్తే నీ కాలికే గుచ్చుకుంటాయి. సేతికందేది ఆ మూటే, అందుకని దాన్లో ఏస్తా ఉండా.”

మునస్వామి గంగులమ్మ మూటకేసి చూశాడు. నాలుగేళ్ళుగా చెనక్కాయ చేలో కేకలు వేస్తున్న చెంగల్రాయుడు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

సోమవారం కాణిపాకానికి ధనంజయ కాఫీ కొట్టు మూసి మరీ వచ్చాడు. గురవమ్మ కూడా వచ్చింది, ఎవరూ రమ్మనకపోయినా. మునస్వామి కోనేట్లో మునిగి లేచి, తడిపంచెతో వణుకుతూ దేవుడి ముందు నిలబడ్డాడు.

“మా ఇంటామె నాతో సుఖంగా ఉండాదో లేదో నాకు తెలవదు సామీ. పద్దెనిమిదేండ్లలో నేను అడగలా. ఇదే నిజం.”

ధనంజయ నవ్వబోయాడు. ఈలోగా గురవమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది.

“మొన్నటిదాకా లేను సామీ. ఈ నాలుగు దినాలు పరవాల్యా. ముందుముందు సూడాల.”

గుడి బయట, బొరుగులమ్మే అరుగు పక్కన మునస్వామి మలారం దించాడు. మంచివి ఏరాడు, ఎవరికో దాచిపెట్టిన ఎర్రగాజులు. భార్య ఎదురుగా కూర్చుని, గాజులు వేయడానికి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అదే మొదటిసారి. గాజు ఎముక దగ్గరికి రాగానే పాతికేళ్ళ అలవాటు ఊరుకోలేదు.

“మీ ఇంటాయన బాగుండాడా తల్లీ?”

అడిగాక గాని ఆయనకి తెలియలేదు. గురవమ్మ ఏమాత్రం నవ్వకుండా ఆలోచించింది.

“బాగుండాడప్పా అని సెప్తే మురిసిపోతాడు. ఇప్పుడిప్పుడే దారికొస్తా ఉండాడు. నువ్వు మెల్లిగా ఎక్కించు.”

ఆ మాటకి మునస్వామి చెయ్యి అదిరింది. గాజు టక్కున విరిగింది. ఇద్దరూ వంగి ముక్కలు ఏరారు.

“ఎవురి మూటలో ఏస్తావు?” అని అడిగింది గురవమ్మ.

మునస్వామి పైగుడ్డ అంచు చింపి, ఆ మూడు ముక్కల్నీ అందులో ముడివేసి రొంటిన దోపుకున్నాడు.

“ఇది మన మూట.”