తలుపు పక్కన మూడు వేళ్ల గుర్తు

సౌదీలోని హుఫూఫ్ పాతబస్తీలో శుక్రవారాలు, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఒక టూర్ నడిచేది. గైడు జనాన్ని మూడు పాత ఇళ్లకు నడిపించి, ఒక్కో గుమ్మం ముందు ఒక్కో హత్య కథ చెప్పేవాడు. మూడింటిలోనూ చంపిందెవరో ఇప్పటికీ తెలియదు. తలుపుల తాళాలు తీయడం, వెనకాల నీళ్ల పెట్టె మోయడం నా డ్యూటీ. చచ్చినవాళ్ల ఇళ్లు చూడటానికి టికెట్ కొని మరీ వస్తారా అని మొదట్లో విసుక్కునేవాణ్ని. నాలుగు వారాలు తిరిగేసరికి ఆ కథలు నాకూ నోటికొచ్చాయి.

మూడో ఇల్లు ఒక ఖర్జూరాల వ్యాపారిది. ఆ హత్య జరిగి అరవై ఏళ్ల పైమాటే. పొద్దుగూకాక ఇంటికొస్తుంటే ఎవరో పొడిచారు. తెల్లారి చూస్తే గుమ్మానికి పదడుగుల దూరంలో పడి ఉన్నాడు. కథ అక్కడితో ఆపితే వాడు గైడెందుకవుతాడు? తలుపు పక్కన గోడ మీద, మోకాలెత్తున, ఎర్రగా మూడు వేళ్ల గుర్తు ఉండేది. నడిమి వేలు పొట్టిగా పడింది. దాని మీద టార్చి వేసి, వ్యాపారి పాకుతూ వచ్చి ఆ చేత్తోనే తలుపు కొట్టాడని, లోపలివాళ్లు తీయకపోతే పక్కింటి వైపు పాకబోయి ప్రాణం వదిలాడని చెప్పేవాడు. జనం నోళ్లు తెరిచి వినేవాళ్లు, ఫోటోలు తీసుకునేవాళ్లు.

అది నెత్తురు కాదు. నేను పెట్టిన పసుపు.

రెండేళ్ల కింద ఆ ఇంటికి మరమ్మతు చేసింది మా గ్యాంగే. పాత దర్వాజను మళ్లీ నిలబెట్టింది నేను. మా జగిత్యాల వైపు దర్వాజకు పసుపు పెట్టకుండా ఏ మేస్త్రీ చేతులు కడుక్కోడు. మా దగ్గరైతే చెక్కకే పెడతాం. ఇక్కడ ఆ పాత చెక్క మీద మరకపడితే ఊరుకోనని సూపర్‌వైజర్ ముందే అన్నాడు. అందుకని కూరలోకి తెచ్చుకున్న పసుపు చిటికెడు తడిపి, ఎవరికీ కనబడకుండా కింద, పక్క గోడకు రాశాను. ఆ గోడకు అప్పుడే పూసింది పచ్చి సున్నం. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని పారాణి పెట్టుకునే చిన్నపిల్లకైనా తెలుసు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నాకు ఆ నిమిషం తోచలేదు. తుడవబోతే ఇంకా పాకేలా ఉందని వదిలేశాను.

రూములో నా పక్క మంచం అతను మా మండలం మనిషే. చెబితే ముందు పడీపడీ నవ్వాడు, తర్వాత భయపడ్డాడు. "నోరు తెరిచినవనుకో, పాత గోడ ఖరాబు చేసినవని రేపే వీసా రద్దు చేసి, ఖురూజ్ కొట్టి ఇంటికి తోలుతరు. అది ఎవని నెత్తురైతే నీకేంది?" అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. బిడ్డ నర్సింగ్ చదువు ఇంకో ఏడాది ఉంది, అప్పటిదాకా ఈ ఉద్యోగం నిలవాలి.

ఒక శుక్రవారం ఒక ముసలావిడ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. మొదటి రెండు ఇళ్ల దగ్గర ఆమె మనసు అక్కడ లేదు. మూడో ఇంటి దగ్గర గైడు టార్చి వేసి కథ ముగించగానే గుమ్మం మీద కూలబడింది. అప్పుడు కూతురు చెప్పింది. ఆ వ్యాపారి ఈమె తండ్రి. ఆ రోజు ఈమెకు ఐదేళ్లు, ఈ తలుపు వెనకే పడుకుని ఉంది. పొడిచిన చోటే ప్రాణం పోయిందని తల్లి చెబితే, ఇన్నేళ్లూ అదే నమ్మింది.

ముసలావిడ ఒక్క మాటే మళ్లీ మళ్లీ అడుగుతోంది. "నాన్న తలుపు కొట్టాడా? నేను నిద్రపోయానా?"

గైడు టార్చి కిందికి దించాడు. నాకు ఒళ్లు మండింది, వాడి మీద కాదు, నా మీదే. నీళ్ల పెట్టె కింద పెట్టి ముందుకు వెళ్లాను. నాకొచ్చిన అరబ్బీ సిమెంటూ ఇసుకా అడగడానికి సరిపోతుంది, ఇలాంటి మాటలకు చాలదు. కుడిచెయ్యి తీసి ఆ గుర్తు మీద ఆనించాను. నా నడిమి వేలి చివరి కణుపు ఎప్పుడో రాయి కోసే మిషన్‌లో పోయింది. మూడు వేళ్లూ ఆ గుర్తులో సరిగ్గా కూర్చున్నాయి.

"ఇది నాది. నెత్తురు కాదు, పసుపు" అన్నాను.

ఆమె నా చేతినీ గోడనీ మార్చి మార్చి చూసింది. ఎందుకు పెట్టావని అడిగింది. ఇంట్లోవాళ్లకు మంచి జరగాలని పెడతామని వచ్చీరాని మాటల్లో చెప్పాను.

తర్వాత సూపర్‌వైజర్ నన్ను గంటసేపు తిట్టి, శుక్రవారం డ్యూటీ పీకేశాడు. ఖురూజ్ మాత్రం కొట్టలేదు. ఆ గుర్తు మీద సున్నం పూయడానికి నన్నే పంపాడు. రెండు పూతలు వేసి వచ్చాను.

ఆయన తలుపు కొట్టాడో లేదో నిజంగా ఎవరికి తెలుసు? ఆ గుర్తు ఆయనది కాదన్నంతవరకే నాకు తెలుసు. ఆ సాయంత్రం ఆ మాట నోటిదాకా వచ్చింది. అప్పటికే ఆమె కూతురి భుజం పట్టుకుని గుమ్మం మీంచి లేచింది.

"అయితే నాన్న తలుపు కొట్టలేదు. కొడితే నాకు మెలకువ వచ్చేది, కదా?" అంది నా వైపు తిరిగి.

అవునన్నాను.